కేబిన్‌లోంచి కనిపించినంత

ఆ వేసవిలో మా బావ చేతి కింద చావాల్సిన మనుషుల్ని నేను రోజూ కాపాడుతూ వచ్చాను. కాపాడుతున్నానని నాకే తెలియదు. తెలిసిన రోజు నుంచి నోరు పెగలడం మానేసింది.

మా బావ టవర్ క్రేన్ ఆపరేటర్. నేల నుంచి అరవై మీటర్ల ఎత్తున, గాజు కేబిన్‌లో కూర్చుని కొక్కేన్ని నడుపుతాడు. నేను కింద సిగ్నల్‌మ్యాన్‌ని. పసుపు రంగుతో గీసిన చతురస్రంలో నిలబడి వాకీటాకీలో ఎత్తు, దించు, కుడి, ఎడమ, ఆపు అని చెబుతాను. పన్నెండేళ్ళుగా అదే పని, అదే జత. పైగా అక్క, బావ, నేను ఒకే ఇంట్లో ఉంటాం. పొద్దున్న టీ దగ్గర మొదలైన తగువు కేబిన్ దాకా ఎక్కేది.

"బామ్మర్దీ, ఉన్నావా?"

"పోతే నీకు చెప్పే పోతాను. కట్ట కట్టారు, ఎత్తు. నెమ్మది. ఎడమవైపు పరంజా ఉంది చూసుకో. ఇంకొంచెం. ఎడమన ఇద్దరు మనుషులున్నారు, వెళ్ళిపోతున్నారు, వెళ్ళిపోయారు. ఇప్పుడు తిప్పు."

"రేడియోలో వార్తలు చదవాల్సినవాడివి. నా ప్రాణానికి తగులుకున్నావు."

సైటంతా ఆ ఛానల్ వినేది. నవ్వుకునేది. మా జత పనిచేసిన చోట పన్నెండేళ్ళలో ఒక్క ఇటుక కూడా జారిపడలేదని సైటింజనీరు కొత్తవాళ్ళకి గొప్పగా చెప్పేవాడు.

పదహారో అంతస్తు స్లాబుకి చువ్వలు ఎక్కిస్తున్న వారంలో నాకు దవడ పన్ను పీకేశారు. నోట్లో దూది. ముఖం బూరెలా ఉబ్బింది. రెండు రోజులు మాట్లాడొద్దన్నారు. నా వాకీ మౌనికి ఇచ్చారు.

మౌని అసలు పేరు వేరే ఉంది, ఎవరూ పిలవరు. అవసరమైన మాటకి మించి ఒక్క మాట ఎక్కువ పలకడు. శిక్షణలో నేర్పిన అయిదు మాటలు తప్ప వాకీలో ఆయన గొంతు వినిపించదు. నేను ఊరికే ఉండలేక షెడ్డు నీడలో బల్ల మీద కూర్చుని చూస్తున్నాను.

"ఎత్తు," అన్నాడు మౌని. "ఎడమ."

టన్నున్నర చువ్వల కట్ట గాల్లోకి లేచి ఎడమకి తిరిగింది. అటువైపు దిమ్మల మీద నీళ్ళ ట్యాంకు ఉంది. పచ్చది, ఏనుగంత. దాని కుళాయి కింద చువ్వలు వంచే మనిషి ఒకడు నీళ్ళు తాగుతున్నాడు. కట్ట వేగం తగ్గలేదు. నేను లేచాను. నోరు తెరిచాను. దూది తప్ప ఏమీ బయటికి రాలేదు.

"ఆపు!" అన్నాడు మౌని.

క్రేన్ ఆగింది. కట్ట ఊగి ట్యాంకుకి తగిలింది. ట్యాంకు పగిలి నీళ్ళు నడుం ఎత్తున లేచాయి. ఆ మనిషి బురదలో బోర్లా పడ్డాడు. తలకి పెట్టుకున్న టోపీ ఎక్కడో పడింది. లేచి, చేతులూ కాళ్ళూ తడుముకుని, అన్నీ ఉన్నాయని తెలిశాక ఏడవడం మొదలుపెట్టాడు.

బావ కేబిన్‌లోంచే అరిచాడు. "కింద ఏం చూస్తున్నాడు వాడు? కళ్ళు జేబులో పెట్టుకున్నాడా?"

సైటింజనీరు మౌనిని రెండు రోజులు ఇంటికి పొమ్మన్నాడు. నేనూ ఆయన మీద మండిపడ్డాను, మాటల్లేకుండా, చేతులతోనే. ఆయన వాకీ నా చేతిలో పెట్టి నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"ట్యాంకు పచ్చది. పట్టపగలు. ఎండ వెనకనుంచి ఉంది. పైవాడికి కనిపించాలి కదా?"

అర్థం కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"నువ్వు వాకీలో ఎంత వాగుతావో ఎప్పుడన్నా విన్నావా?" అన్నాడు మౌని. నేను ఎరిగి ఆయన అంత పొడుగు మాట అనడం అదే మొదటిసారి. "విను. ఏ వైపు గురించి వాగుతున్నావో విను."

*

దూది తీసేసిన రోజు విన్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళకి 'ఎడమవైపు' అన్న మాట నలభై ఒక్కసార్లు వాడాను. ఎడమవైపు మనిషి, ఎడమవైపు నిచ్చెన, ఎడమవైపు లారీ. కుడివైపు గురించి చెప్పింది రెండుసార్లు.

ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. ఎప్పుడో ఒకసారి ఆయన కాస్త ఆలస్యంగా ఆపి ఉంటాడు. మరోసారి నేను ముందే చెప్పి ఉంటాను. చెబితే పని సాఫీగా సాగింది కాబట్టి మళ్ళీ చెప్పాను. పన్నెండేళ్ళ పొత్తులో ఎవరు ఎవరికి ఎంత సర్దుకున్నారో ఎవరు చూస్తారు?

భోజనాలయ్యాక యార్డులో ఎవరూ లేరు. కొక్కెం ఖాళీగా ఉంది. ఎడమవైపు గోడకి ఇనప నిచ్చెన ఆనించి ఉంది, దాని పైమెట్టుకి ఎర్రగుడ్డ.

"తిప్పు బావా," అన్నాను. అంతే అన్నాను.

కొక్కెం వచ్చింది. ఇరవై అడుగులు. పది. నాలిక పళ్ళ మధ్య నొక్కిపట్టాను. అయిదు. నిచ్చెన గంట కొట్టినట్టు మోగి, గోడ వెంట గీసుకుంటూ కింద పడింది.

వాకీ గరగరలాడింది. "ఏంట్రా బామ్మర్దీ, నిద్రపోయావా?"

తల ఎత్తి చూశాను. అరవై మీటర్ల పైన గాజు మీద ఎండ తప్ప ఏమీ కనిపించలేదు.

*

ఆ సాయంత్రం కంచాల ముందు కూర్చున్నప్పుడు సంగతి బయటపెట్టాను. బావ నవ్వేశాడు.

"కిందటేడు కంపెనీ పరీక్షలో అక్షరాలు ఆఖరి వరుస దాకా చదివాను. దాని కింద ప్రెస్సు పేరు చిన్నగా అచ్చువేసి ఉంటే అదీ చదివి వినిపించాను. డాక్టరు చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ."

"ఆ అక్షరాలు ఎదురుగా ఉన్నాయి బావా."

"మరి వీపు వెనక పెడతారా?"

అక్క బస్సు కండక్టరు. తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ. మనుషుల ముఖాలు చదవడం ఆమెకి వృత్తిలో భాగం. ఆమె బావ ముఖం చూడలేదు, నా ముఖం చూసింది.

"రేపు నాకు సెలవు. కళ్ళ ఆసుపత్రికి పోదాం," అంది.

"నా కళ్ళకేం..." అంటూ బావ మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యి కంచంలో ఉండగానే గడ్డం ఛాతీ మీదికి వాలింది. గురక మొదలైంది. మాకు అది కొత్త కాదు. కూర్చుంటే నిద్ర, బస్సెక్కితే నిద్ర, టీవీ పెడితే నిద్ర. పొద్దున్నే తలనొప్పి. ఎండలో పనిచేసే మనిషి, అలసిపోతాడు అనుకునేవాళ్ళం. ఆయన గురక మీద జోకులు వీధి చివర దాకా ఉండేవి.

"చెయ్యి కడుక్కుని పడుకో, పో," అని అక్క ఆయన భుజం తట్టింది.

*

కళ్ళ ఆసుపత్రిలో మూడో పరీక్ష చీకటి గదిలో. గిన్నె బోర్లించినట్టున్న తెల్లటి యంత్రంలో గడ్డం ఆనించి, మధ్యలో చుక్కని చూస్తూ కూర్చోవాలి. చుట్టూ ఎక్కడ మెరుపు కనిపిస్తే అప్పుడు చేతిలో మీట నొక్కాలి. ఎంత మేర చూపుందో అది పటం గీసి ఇస్తుంది.

పావుగంట తర్వాత పరీక్ష చేసే అమ్మాయి బయటికొచ్చింది. నవ్వు ఆపుకుంటోంది, కోపమూ ఉంది.

"అంకుల్ నిద్రపోయారండీ. రెండుసార్లు లేపాను. మీట మీద వేలుంచి గురకపెడుతున్నారు. ఈ రిపోర్టు నమ్మడానికి లేదు."

అక్క సిగ్గుతో చచ్చిపోయింది. బావ కళ్ళు నులుముకుంటూ వచ్చి, "చీకటి చేసి, చల్లగాలి పెట్టి, కదలొద్దంటే ఎవరికైనా నిద్రొస్తుంది," అన్నాడు.

కళ్ళ డాక్టరు పెద్దావిడ. మాట కటువుగా ఉంటుంది. కాగితం చూసి పక్కన పడేసింది. బావ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది.

"కంటి ఒత్తిడి పదిహేను. మామూలే. అందుకే ఎవరూ పట్టుకోలేదు. కానీ వెనక నరం బాగాలేదు, చాలా పోయింది. గ్లాకోమా. పెద్దవాళ్ళు నీటికాసులనేవారు."

"ఒత్తిడి ఎక్కువైతేనే కదండీ అది వచ్చేది?" అంది అక్క.

"ఎక్కువగా ఉండకుండా కూడా వస్తుంది." ఆవిడ చక్రాల కుర్చీ వెనక్కి తోసి బావని ఎగాదిగా చూసింది. మెడ దగ్గర ఆగింది. "పరీక్షలో నిద్రపోయారట. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?"

"తొమ్మిదికి. అయిదు దాకా లేవను. నిద్రకి లోటు లేదండీ నాకు."

"పడుకోవడం వేరు, నిద్రపోవడం వేరు. గురక పెడతారా?"

నేను నవ్వాను. "గురకా డాక్టరుగారూ? పక్కింటివాళ్ళు మా గోడ వైపు నుంచి మంచాలు మార్చుకున్నారు."

ఆవిడ నవ్వలేదు. "మధ్యలో ఆగుతుందా? ఊపిరి ఆగినట్టు ఉండి, ఉలిక్కిపడి మళ్ళీ మొదలవుతుందా?"

అక్క సంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది.

"మీరు చెప్పాలమ్మా. ఆయనకి తెలియదు."

"నాకూ తెలీదండీ," అంది అక్క. నా వైపు చూడకుండా అంది. "నేను ఆ గదిలో పడుకోను. ఆరేళ్ళయింది. నాలుగింటికి డ్యూటీ... నిద్ర లేకపోతే పనిలో తప్పులొస్తాయి. ముందుగదిలో తలుపేసుకుని పడుకుంటాను."

బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఆ సంగతి నేను గమనించలేదని కాదు. గమనించనట్టు ఉండటం మర్యాద అనుకున్నాను.

డాక్టరుగారి గొంతు కాస్త మెత్తబడింది. "గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగినప్పుడల్లా రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. కొందరికి రాత్రికి వందలసార్లు. కంటి నరం వెంట్రుకల్లాంటి రక్తనాళాల మీద బతికేది, ఆ దెబ్బకి అది తట్టుకోలేదేమో. ఎలా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలిసి ఉండటం తరచూ చూస్తున్నాం. ఒకటి దొరికితే రెండోదాన్ని వెతకాలి." కాగితం మీద రాస్తూ అడిగింది. "ఏం పని చేస్తారు?"

బావ చెప్పాడు. ఆవిడ పెన్ను ఆగింది.

"పరీక్షలన్నీ అయ్యేదాకా క్రేన్ ఎక్కకండి. ఒక్కరోజు కూడా."

*

బావ జ్వరమని సెలవు పెట్టాడు, క్రేన్ ఆగింది, సైట్లో కింది అంతస్తుల పనులు సాగాయి. నిద్ర పరీక్షకి నాలుగు రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. అక్క ఆగలేకపోయింది. ఆ రాత్రే నన్ను లేపింది. ఇద్దరం చెప్పులు విప్పి, బావ గదిలోకెళ్ళి, గోడవార రెండు కుర్చీల్లో కూర్చున్నాం. అక్క చేతిలో గడియారం.

బావ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గురక గది కప్పు దాకా లేస్తోంది. ఎప్పుడూ వినేదే. మూసిన తలుపుల అవతల నుంచి.

ఉన్నట్టుండి ఆగింది.

అక్క పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. బావ ఛాతీ పైకి లేవాలని చూస్తోంది. పొట్ట కదులుతోంది, ఊపిరి మాత్రం లేదు. ఇరవై. ఇరవై ఒకటి. వీధిలో సైకిలొకటి పోయింది. ముప్పై. నేను లేవబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. నలభై. నలభై ఒకటి.

నలభై నాలుగు దగ్గర బావ నీళ్ళలోంచి పైకి లేచినవాడిలా నోరు తెరిచి గాలి లాక్కున్నాడు. ఒళ్ళంతా ఎగిరిపడింది. కళ్ళు తెరవలేదు. మళ్ళీ గురక.

రెండు నిమిషాలు గడవకముందే మళ్ళీ ఆగింది.

గంటసేపు కూర్చున్నాం. అక్క ఒక్కసారి మాత్రమే మాట్లాడింది.

"నేను తలుపు గడియ కూడా పెట్టుకునేదాన్నిరా."

నేనైతే ఆ శబ్దానికి చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి.

*

నిద్ర ఆసుపత్రి వాళ్ళ లెక్కలో గంటకి ముప్పై ఎనిమిదిసార్లు. ముక్కుకి తగిలించే మాస్కూ, దానికి గాలి తోసే చిన్న యంత్రమూ ఇచ్చారు. "నన్ను ఏనుగుని చేశారు, తొండం ఒకటే తక్కువైంది ఇన్నాళ్ళూ," అని బావ సణిగాడు. మూడు రాత్రులు పీకి అవతల పారేశాడు. నాలుగో రాత్రి అక్క తన పరుపు తెచ్చి ఆ గదిలో పరిచింది. దాని మీద పడుకుంది. ఆ తర్వాత ఆయన మాస్కు తియ్యలేదు.

పదో రోజుకి బావ టీవీ ముందు సినిమా మొత్తం చూశాడు. మేం సినిమా చూడలేదు. ఆయన్ని చూశాం.

రెండు వారాలకి చూపు పరీక్ష మళ్ళీ చేశారు. అక్కకి సెలవు దొరకలేదు. నేను తీసుకెళ్ళాను. చీకటి గదిలోంచి మీట టక్కుటక్కుమని వినిపిస్తూనే ఉంది.

"ఈసారి కునుకు కూడా తియ్యలేదు," అంది పరీక్ష చేసే అమ్మాయి. పొగిడినట్టే అంది.

మొదటి కాగితం మీద చుక్కలు కలగాపులగం. రెండోదాని మీద గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. ఎడమ కంటికి మధ్యలో చిన్న తునక తప్ప అంతా నలుపు. కుడి కంటికి ముక్కు వైపు, అంటే ఎడమ సగం, నలుపు. మెలకువగా ఉండి ఇచ్చిన జవాబులు. ఇక యంత్రాన్ని అనడానికి లేదు.

"పోయింది తిరిగి రాదు," అంది డాక్టరుగారు. "ఉన్నది నిలబెట్టుకోవాలి. ఒత్తిడి మామూలుగానే ఉన్నా ఇంకా తగ్గించడానికి ఈ చుక్కలు రాత్రిపూట వేసుకోండి. మాస్కు మానొద్దు. దాని గాలికి కంటి ఒత్తిడి కాస్త పెరిగే వీలుంది, అందుకని మూడు నెలలకోసారి చూస్తాను." కవరు ఒకటి బావ చేతిలో పెట్టింది. "ఇది మీ కంపెనీకి. క్రేన్ నడపకూడదని రాశాను."

బావ కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బస్‌స్టాపులో కూర్చున్నాక అన్నాడు.

"ఆరు వారాలు. ఆఖరి స్లాబు పడేదాకా. ఆ తర్వాత నేనే దిగిపోతాను. మొదలుపెట్టిన బిల్డింగ్ ఇది. సగంలో దించేస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసు."

"బావా..."

"కొత్తగా ఏం చెయ్యమంటున్నానురా? నువ్వు చెప్పేది నువ్వు చెప్పు, నేను నడిపేది నేను నడుపుతాను. ఇన్నేళ్ళూ జరగలేదా? ఎవరికైనా గీటు పడిందా?" ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ మనిషి పన్నెండేళ్ళలో నన్ను బతిమాలింది లేదు. "నువ్వుంటే చాలు నాకు. మీ అక్కకి మాత్రం చెప్పకు."

సరేనన్నాను. సాయంత్రం అక్క, "డాక్టరుగారేమన్నారు?" అనడిగితే, "చుక్కలు వేసుకోమన్నారు," అన్నాను. అబద్ధం కాదు.

*

బావ సెలవు ముగించి మళ్ళీ క్రేన్ ఎక్కాడు. నాలుగు రోజులు చేశాం.

మొదటి రోజే తెలిసిపోయింది, అది పాత పని కాదని. అంతకుముందు నా నోరు దానంతటది వాగేది. ఇప్పుడు ప్రతి మాటకి ముందు ఆగుతున్నాను. ఈ మాట మర్చిపోతే ఎవడు పోతాడు? ఎడమవైపు వంగి పనిచేస్తున్న ప్రతివాడి ముఖమూ నాకు కనిపించడం మొదలైంది. ట్యాంకు దగ్గర బురదలో పడ్డవాడు చేతికి కట్టిన కట్టుతోనే పనిలోకొచ్చాడు. నన్ను చూసి నవ్వి, "మీరున్నారుగా అన్నా, భయం లేదు," అన్నాడు.

నాలుగో రోజు రెండు పనులు ఒక్కసారి వచ్చిపడ్డాయి. పైన సెంట్రింగ్ చెక్కల కట్ట తిరుగుతోంది. ఇటు లారీ డ్రైవరు ఏదో అరిచాడు. అటు తిరిగాను. మళ్ళీ పైకి చూసేసరికి కట్ట మనుషుల నెత్తి మీదుగా పోతోంది. రెండు గజాల ఎడం. ఎవరూ తల ఎత్తలేదు. ఎవరికీ తెలియదు. బావకి కూడా.

"బాగా దాటించావు బామ్మర్దీ," అన్నాడు వాకీలో. నేను ఏమీ దాటించలేదు.

ఆ రోజు ఏ ప్రమాదమూ జరగలేదు. మాస్కు పెట్టుకుని బావ హాయిగా నిద్రపోయాడు. నేను పోలేదు.

మర్నాడు ఆరున్నరకి క్రేన్ మొదట్లో ఎప్పట్లాగే నిలబడ్డాం. బావ చేతి తొడుగులు వేసుకుని మొదటి మెట్టు పట్టుకున్నాడు. మౌని బెల్టులు సర్దుతున్నాడు. నేను వాకీ తీసి ఆయనకి ఇచ్చాను.

"ఇవాళ నువ్వు చెప్పన్నా. నేర్పినంతే చెప్పు. ఎక్కువ చెప్పొద్దు."

మౌని వాకీ పట్టుకున్నాడు గానీ దగ్గరికి తీసుకోలేదు. బావ వైపు చూశాడు.

బావ చెయ్యి మెట్టు మీదే ఉంది. "మళ్ళీ పన్ను నొప్పా?" అనడిగాడు.

"లేదు బావా."

లారీ ఒకటి వెనక్కి వస్తూ కూతపెట్టింది. అది ఆగేదాకా ఎవరమూ కదల్లేదు.

"తీసుకోవయ్యా," అన్నాడు బావ మౌనితో. "నీ చేతికిచ్చాడుగా."

తర్వాత తొడుగులు తీశాడు. కుడిది, ఎడమది. రెండూ కలిపి నడుం పట్టీలో దోపుకున్నాడు. చొక్కా జేబు తడుముకుని కవరు ఉందో లేదో చూసుకుని, సైటింజనీరు గది వైపు నడిచాడు. తిన్నగానే నడిచాడు. ఎడమవైపు ఇసుక కుప్ప అంచు కాలికి తగిలి ఒక్కసారి తూలాడు. సర్దుకుని వెళ్ళిపోయాడు.

*

బావని స్టోరులో వేశారు. బెల్టులు, కొక్కేలు, టోపీలు ఇచ్చిపుచ్చుకునే పని. నాతో మాట మానేశాడు. ఇంట్లో అక్క మధ్యవర్తి.

"మీ తమ్ముడికి చెప్పు, స్నానాలగదిలో కుళాయి కట్టెయ్యలేదని."

"మీ ఆయనకి చెప్పక్కా, కట్టేశానని."

"నాకు జీతమిస్తారా ఇద్దరూ?" అంది అక్క. రెండో రోజు ఆమెకి అన్నీ చెప్పాను, కవరు సంగతితో సహా. "వారం రోజులు దాచావు," అంది. "నేను ఆరేళ్ళు. ఇక పోయి పడుకో."

తర్వాతి ఏడాదంతా మూడు నెలలకోసారి చేసిన పరీక్షల్లో కొత్తగా నల్లబడింది ఏమీ లేదు. అది అప్పటికి మాకు తెలియదు. అప్పటికి తెలిసిందల్లా, ఇంట్లో రాత్రిపూట గురక బదులు సన్నటి గాలి చప్పుడు వస్తోందనీ, పగలు ఎవరూ మాట్లాడుకోవడం లేదనీ.

అయిదో రోజు సాయంత్రం షిఫ్టు దిగే వేళ బావ స్టోరులోంచి నా దగ్గరికొచ్చాడు. తిన్నగా నాతోనే మాట్లాడాడు.

"రేపు కొత్త ఆపరేటరు వస్తున్నాడట. పైన నా సామాను ఉంది. దిండు, ఫ్లాస్కు, చిన్న ఫ్యాను. నా పేరు జాబితాలోంచి తీసేశారు, నన్ను ఎక్కనివ్వరు. నువ్వు తెచ్చిపెట్టు."

పన్నెండేళ్ళలో నేను ఆ కేబిన్ దాకా ఎక్కింది లేదు. కింద ఉండాల్సినవాడు కింద ఉండాలని బావే అనేవాడు. మధ్యలో మూడుసార్లు ఆగి, ఎక్కి తలుపు తోశాను.

బడ్డీకొట్టంత గది. ఎదురుగా అద్దం, కాళ్ళ దగ్గర అద్దం. దిండు కుర్చీ మీద ఉంది. ఫ్యాను, ఫ్లాస్కు సంచిలో వేసుకున్నాను. పక్కన తీగకి తుడిచే గుడ్డ ఆరేసి ఉంది, ఉతికి, నాలుగు మడతలు పెట్టి. సామాను దొరికింది, ఇక దిగొచ్చు. కానీ కుర్చీలో కూర్చున్నాను.

అప్పుడు చూశాను అద్దాన్ని.

నడి మధ్యలో పళ్ళెమంత మేర అద్దం ఉందా లేదా అన్నంత శుభ్రంగా ఉంది. కుడివైపు ఆ శుభ్రం కాస్త సాగింది. ఎడమవైపు అర చెయ్యి దూరంలోనే ఆగిపోయింది. ఆ అవతలంతా సిమెంటు దుమ్ము, వాన మరకలు, పక్షుల రెట్టలు, వేలితో గీకినా రాని పొర. ఎన్ని నెలలదో, ఎన్నేళ్ళదో. యార్డు ఎడమ భాగం దాని వెనక ఎక్కడో ఉంది.

శుభ్రంగా ఉన్న మేరలోంచి కిందికి చూశాను. గోడలు కనిపించలేదు, లారీలు కనిపించలేదు. పసుపు గీతల చతురస్రం కనిపించింది. నేను నిలబడే చోటు. అది సరిగ్గా మధ్యలో ఉంది.

గుడ్డ మీద నీళ్ళు పోసి తుడవడం మొదలుపెట్టాను. పొర రాలేదు. గోళ్ళతో గీకాను. మోకాళ్ళ మీద కూర్చుని మూలలు తుడిచాను. కింద దీపాలు వేసే వేళకి ఆ కేబిన్‌లోంచి సైటంతా కనిపించింది.

దిగేసరికి బావ నిచ్చెన మొదట్లోనే నిలబడి ఉన్నాడు.

"ఇంతసేపేంట్రా? అన్నీ తెచ్చావా?"

"తెచ్చాను."

సంచి తీసుకుని ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాడు. వెళ్ళబోయి ఆగాడు.

"అద్దం ఎలా ఉంది? కొత్తవాడు ఎక్కగానే ముందు చూసేది అదే. మురికిగా ఉంటే నా పరువు పోతుంది. పొద్దున్నే తుడవందే నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి కాదు."

చేతులు మోచేతుల దాకా బూడిదరంగులో ఉన్నాయి. వీపు వెనక పెట్టుకున్నాను.

"తళతళలాడుతోంది బావా. ఈ మూల నుంచి ఆ మూలకి."

"ఉండదా మరి!" అన్నాడు బావ.